ఒక వారం, ఒక గింజ

శిక్షణ తరగతుల పనిమీద ఊళ్ళు తిరిగేటప్పుడు ఒక అంగన్‌వాడీ కేంద్రంలో చూసిన దృశ్యం ఇది. ఆ వారం వాళ్ళ అంశం కూరగాయలు. గోడకు కొత్త చార్టు కట్టారు. టీచరు కర్రతో బొమ్మ చూపిస్తోంది, పిల్లలు పేర్లు ఒప్పజెబుతున్నారు. పక్క గదిలో ఆయమ్మ మధ్యాహ్నం కూరకు వంకాయలు తరుగుతోంది. ఒక పిల్లవాడు మాటిమాటికీ అటే మెడ తిప్పి చూస్తున్నాడు. టీచరు రెండుసార్లు "ఇటు చూడు నాన్నా" అంది. వాడు ఇటు తిరిగాడు గానీ చెవి మాత్రం కత్తిపీట దగ్గరే ఉంది.

ఆ టీచరు శ్రద్ధ ఉన్న మనిషి. రాత్రి కూర్చుని చార్టు తయారు చేసుకుంది. కానీ ఆ రోజు పాఠం వంటగదిలో జరుగుతోంది, పిల్లలు ఇవతలి గదిలో ఉన్నారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వారానికి ఒక అంశం పెట్టుకుని, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో నేర్పాలనుకుంటే ఆ అంశం గోడ మీద ఉండి లాభం లేదు, పిల్లల గుప్పిట్లో ఉండాలి. ఆరు రోజులూ అదే వస్తువు చేతికి తగలాలి. నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండకూడదు. అలాంటి వస్తువు కోసం రంగుల వారం, బండ్ల వారం, జంతువుల వారం అన్నీ చేసి చూసి చివరికి గింజ దగ్గర ఆగాను. దానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఏ ఇంట్లోనైనా ఉంటుంది. సోమవారం నానబోసిన పెసలు బుధవారానికి తోకలు తొడుగుతాయి. నాలుగేళ్ళ పిల్లల ఓపిక ఎంతో, ఆ గింజ వేగం ఇంచుమించు అంతే.

ఈ ఆలోచన నా సొంతమని చెప్పుకోను. 1840లో జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తన బడికి పెట్టిన పేరు కిండర్‌గార్టెన్. అంటే పిల్లల తోట. ఆయన పిల్లలకు సాగు చేసుకోవడానికి నిజంగానే చిన్న చిన్న మళ్ళు ఇచ్చాడు. మన అంగన్‌వాడీ అన్న మాటలోనూ ఉన్నది అంగణమే, అంటే ముంగిలి. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరాన బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతాల్లో ఆదివాసీ పిల్లల కోసం పనిచేసినప్పుడు గులకరాళ్ళు, ఆకులు, గింజలే వాళ్ళ బోధన సామగ్రి అయ్యాయి. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడు అంగన్‌వాడీ అన్న పేరే దేశమంతా పాకింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా చూడమంది. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆట ద్వారానే నేర్పమంది. కాబట్టి సూపర్‌వైజరు వచ్చే వేళకు మీ పిల్లలు చాటలో గింజలు ఏరుతూ కనిపిస్తే కంగారు పడకండి. మీరు చేస్తున్నది అసలు పనే.

సోమవారానికి ముందు

ముందుగా జాగ్రత్తలు చెబుతాను, ఎందుకంటే గింజల వారంలో పొరపాటు జరిగితే అది చిన్న పొరపాటు కాదు.

శనివారం ఇంటికి పంపేటప్పుడు తల్లులతో, నాయనమ్మలతో ఒక మాట చెప్పండి: సోమవారం వచ్చేటప్పుడు వంటింట్లో ఉన్న గింజలు ఏవైనా గుప్పెడు పంపమని. 'వంటింట్లో' అన్న మాట నొక్కి చెప్పండి. పొలానికి కొన్న విత్తనాలు వద్దు. మక్క, పత్తి, వేరుశనగ విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది. గులాబి రంగో నీలం రంగో పూసినట్టు కనిపించేది ఆ మందే. పిల్లలు మొదట ఆశపడేది ఆ రంగుకే.

దారిలో ఏరుకొచ్చే గింజల విషయంలోనూ అంతే. గురివింద ఎంత అందంగా ఉంటుందో అంత విషం. ఆముదం గింజ, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త గింజ ఇవేవీ తరగతిలోకి రాకూడదు. పచ్చి జీడిగింజ పెంకులోని నూనె చేతులు బొబ్బలెక్కిస్తుంది. సోమవారం పొద్దున ప్రతి పిల్లవాడి పొట్లమూ మీరే విప్పి చూసి, తర్వాతే చాటలో పోయండి.

ఇక ముక్కు, చెవి. మూడేళ్ళ పిల్లకు గింజ దొరికితే అది ఎక్కడ పడుతుందో చూడాలనిపిస్తుంది. ముక్కులో దూరిన శనగ గింజను వేలితోనో పిన్నీసుతోనో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళు పోస్తే ఉబ్బుతుంది. ఏమీ చెయ్యకుండా పిల్లను కూర్చోబెట్టి, నోటితో ఊపిరి తీసుకోమని చెప్పి, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వేరుశనగ పలుకు గొంతుకు అడ్డం పడటం ఇంతకంటే ప్రమాదం. అందుకే నా పద్ధతి ఇది: నాలుగేళ్ళు దాటిన వాళ్ళకే చిన్న గింజలు. అదీ అయిదారుగురు చొప్పున, పక్కన పెద్దవాళ్ళొకరు కదలకుండా కూర్చుని ఉంటేనే. అంతకంటే చిన్నవాళ్ళకు మామిడి టెంక, తాటి టెంక, ఒలవని కొబ్బరికాయ ఇవ్వండి. అవీ గింజల కుటుంబమే. నోట్లో పట్టవు, దొర్లించుకోవచ్చు, పీచు లాగవచ్చు, మీద చెయ్యి వేసి తట్టవచ్చు. ఆట అయ్యాక గింజలు తిరిగి డబ్బాలోకి చేరాయో లేదో చూసుకుని, నేల ఊడ్చాకే తలుపు తీయాలి.

ఇన్ని జాగ్రత్తలు చదివి వద్దులే అనుకోకండి. వంటింట్లో నిప్పు ఉందని వంట మానుకోం కదా.

మొదటి రోజు పేర్లదే

సోమవారం చాట చుట్టూ కూర్చోబెట్టి, తెచ్చిన గింజలన్నీ కుప్పలుగా పోయించండి. ఎవరు తెచ్చింది వాళ్ళు పేరు చెప్పాలి. ఆ పేరును మీరు సరిదిద్దకూడదు. ఈ ఒక్క నియమం పాటించడం చాలామంది టీచర్లకు కష్టంగా ఉండటం చూశాను.

నేను గుంటూరు వైపు మెట్ట పల్లెలో పనిచేసేటప్పుడు మిరపకాయలు కోసే రోజుల్లో కర్నూలు నుంచి కూలికి వచ్చిన కుటుంబాల పిల్లలు మా కేంద్రానికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక అయిదేళ్ళ పిల్ల తన పొట్లం విప్పి "బుడ్డలు" అంది. మిగతావాళ్ళు నవ్వారు. వాళ్ళకు అవి వేరుశనక్కాయలు. ఆ పిల్ల పొట్లం మళ్ళీ మూసేసుకుంది. నేను అప్పుడు పాఠం ఆపి అందరినీ అడిగాను, ఇంట్లో మీ అమ్మమ్మ దీన్ని ఏమంటుందని. ఒకరు శనక్కాయ అన్నారు, ఒకరు వేరుశనగ పలుకన్నారు. మా ఆయమ్మ పుట్టిల్లు ఖమ్మం వైపు, ఆమె "మేం పల్లికాయ అంటాం" అంది. ఒకే కాయకు ఇన్ని పేర్లని పిల్లలు ఆశ్చర్యపోయారు. ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్ల చుట్టూ చేరి "ఇంకా మీ ఊళ్ళో దేన్ని ఏమంటారు?" అని అడుగుతూనే ఉన్నారు. అప్పటిదాకా నోరు విప్పని పిల్ల ఆ రోజు సాయంత్రం దాకా మాట్లాడింది.

భాష నేర్పడమంటే కొత్త మాటలు పోగు చెయ్యడం ఒక్కటే కాదు. పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న మాటకు తరగతిలో చోటివ్వడం ముందు. తెలంగాణ పిల్లలు మక్కలు, పెసర్లు అంటారు. కోస్తా పిల్లలు మొక్కజొన్న, పెసలు అంటారు. రెండూ పలకాలి. ఇక తెలుగులో గింజ మీద ఉన్న మాటల సంపద చూడండి: మామిడికి టెంక, చింతకు పిక్క, జీడిపప్పుకు పలుకు, పొలంలో చల్లితే విత్తు, ఒలిచి బద్దలు చేస్తే పప్పు. ఇవన్నీ బట్టీ పట్టించాల్సినవి కావు. చింతకాయ ఒలిచేటప్పుడు మీ నోట పిక్క అని వస్తే చాలు, పిల్ల నోట అదే వస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి ముందు అందరూ చూస్తుండగా ఒక గిన్నెలో పెసలు, మరో రెండు గిన్నెల్లో కాసిని శనగలు, మొక్కజొన్న గింజలు నానబోయండి. సాయంత్రం వెళ్ళేముందు ఆయమ్మ నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూట కడుతుంది. మొదటిరోజు పని అయిపోయింది.

చేతులు, లెక్కలు

మంగళవారం మూట విప్పుతారు. గింజలు ఉబ్బి ఉంటాయి, తోలు వదులై ఉంటుంది. ఒక్కొక్కరికి నానిన శనగ గింజ ఒకటి ఇచ్చి తోలు తీయమనండి. లోపల గింజ రెండు బద్దలుగా విడిపోతుంది. అంచున ఒకచోట చిన్న మొక్క ముడుచుకుని ఉంటుంది. దాన్ని మీరు వేలు పెట్టి చూపించకండి. ఎవరో ఒకరు చూస్తారు. చూసినవాళ్ళు అరుస్తారు. ఆ అరుపుతో మిగతావాళ్ళు వెతకడం మొదలుపెడతారు. ఆ తర్వాత నానిన మొక్కజొన్న గింజ ఇస్తే దాన్నీ రెండు చెయ్యాలని చూస్తారు, అది విడిపోదు. "ఇదెందుకు రాదు?" అని ఒకరైనా అడుగుతారు. ఏకదళం, ద్విదళం అనే మాటలు వాళ్ళకు ఏడెనిమిదేళ్ళ తర్వాత పుస్తకంలో తగులుతాయి. అప్పటికి వేళ్ళకు తెలిసిపోయి ఉంటుంది.

ఇక్కడే ఒక తండ్రి నన్ను నిలదీశాడు. "ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపినవాళ్ళ పిల్లలు ఏబీసీడీలు రాస్తున్నారు మేడమ్. మావాడు ఇక్కడ పెసలు ఏరుతున్నాడు." ఆయన కోపంలో తప్పు లేదు. బిడ్డ వెనకబడిపోతాడేమోనన్న భయం అది. నేను వాడి చేతిలో గింజ పెట్టి, పట్టుకోవడం చూడమన్నాను. బొటనవేలు, చూపుడువేలు, వాటికి ఆసరాగా మధ్యవేలు. అదే పట్టుతో రేపు పెన్సిలు పట్టుకోవాలి. ఆ వేళ్ళలో బలం రాకముందే పలక మీద గీతలు దిద్దిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, రాత అంటే మొహం మొత్తుతుంది. మరియా మాంటిస్సోరి పిల్లలచేత రాయించే ముందు వేళ్ళకు ఇలాంటి పనులే చెప్పేది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మన పొరుగునే చెప్పి వెళ్ళిన మాట ఇది. ఆ తండ్రి పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను. శనివారం మాత్రం వచ్చాడు.

లెక్కలకు వేరే పీరియడు పెట్టుకోకండి. చింతపిక్కలతో వామనగుంటలు ఆడించండి. అసలు ఆటకు పద్నాలుగు గుంటలు. మీ పిల్లలకు నేల మీద ఆరు గుంటలు గీస్తే చాలు. ఒక గుంటలో పిక్కలు తీసుకుని, పక్క గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఒక అంకెకు ఒక పిక్క, ఒక పిక్కకు ఒక గుంట. నూరు దాకా గడగడా చదివే పిల్ల కూడా ఇక్కడ తడబడటం చూస్తారు. అంకెలు చదవడం వేరు, లెక్కపెట్టడం వేరు. రెండోది చేతికి రావాలి.

బుధవారం అంగడి ఆట. మన పిల్లలు తరతరాలుగా ఆడుతున్న గుజ్జనగూళ్ళ లాంటిదే ఇది, కాస్త పెద్దదిగా. ఒకరు కొట్టు పెడతారు, ఒకరు కొంటారు. పాత ఇళ్ళలో సోల, తవ్వ ఇంకా ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుందని వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు. తర్వాత తవ్వెడు గింజలు సన్నటి పొడుగాటి సీసాలో పోసి "ఇప్పుడు ఎక్కువా, తక్కువా?" అని అడగండి. ఎక్కువ అంటారు. వాళ్ళ కళ్ళముందే పోసినా ఎక్కువే అంటారు. పిల్లల ఆలోచన మీద జీవితమంతా పనిచేసిన జాన్ పియాజే ఈ సంగతిని వివరంగా రాశాడు. ఇంచుమించు ఏడేళ్ళ లోపు పిల్లలకు ఎత్తు పెరిగితే పరిమాణం పెరిగినట్టే. కాబట్టి "కాదురా, అంతే కదా" అని వాదించకండి. మళ్ళీ తవ్వలోకి పోయించండి, మళ్ళీ సీసాలోకి. వాదనతో రాని తెలివి పోసుకుంటూ ఉండగా వస్తుంది.

మొలకెత్తని గింజ

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఈ అధ్యాయం రాయడానికి అసలు కారణం అదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కొక్కరికి ఒక గాజుగ్లాసు, తడి దూది, ఒక చిక్కుడు గింజ ఇచ్చాను. గ్లాసు మీద పేరు రాసిన కాగితం. వారం చివరికి అందరి గింజలకూ వేరు దిగింది, ఒక్క పిల్లవాడి గింజకు తప్ప. రోజూ పొద్దున వాడు చెప్పులు విడవకుండానే గ్లాసు దగ్గరికి పరుగెత్తేవాడు. శుక్రవారం సాయంత్రం నాకు జాలేసింది. పిల్లలు వెళ్ళాక నా దగ్గర మిగిలిన గింజల్లో మొలకెత్తినదాన్ని తీసి వాడి గ్లాసులో పెట్టి, వాడి గింజ పారేశాను.

శనివారం వాడు వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. గంతులేస్తాడనుకుని నేను ఎదురుచూస్తున్నాను. నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "ఇది నాది కాదు టీచర్. నాదానికి మచ్చుంది."

నేను బుకాయించాను. మొలకెత్తితే మచ్చ పోతుందన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. ఆ రోజంతా ఆ గ్లాసు ముట్టుకోలేదు, మిగతా పిల్లలతో కలిసి చూడటానికీ రాలేదు. వాడు అయిదు రోజులు చూసి సంపాదించుకున్న జ్ఞానం ఆ మచ్చ. మొలక వచ్చిన సంతోషం కంటే అది విలువైనది. నేను ఒక్క అబద్ధంతో దాన్ని కొట్టిపారేశాను. సోమవారం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను. "మరి నాది ఎక్కడుంది?" అన్నాడు. చెత్తగుంట దగ్గరికి వెళ్ళి ఇద్దరం వెతికాం. దొరకలేదు.

అప్పటి నుంచి రెండు మార్పులు చేశాను. మీరూ చెయ్యండి. ఒక్కొక్కరికి మూడు చిక్కుడు గింజలివ్వండి. రైతు కూడా పాదుకు ఒక్క గింజే వేసి ఊరుకోడు. రెండోది, కొన్ని మొలకెత్తవని మొదటిరోజే చెప్పండి. గురువారం అందరూ కలిసి నాలుగు గిన్నెలు పెట్టండి: ఒకదానిలో పొడి పెసలు, ఒకదానిలో తడిగుడ్డలో ఉంచినవి, ఒకదానిలో నిండా నీళ్ళలో మునిగినవి, ఒకదానిలో ఉడకబెట్టి చల్లార్చినవి. ఏవి మొలుస్తాయో ముందే చెప్పమని, ఎవరు ఏం చెప్పారో రాసుకోండి. శనివారానికి తడిగుడ్డవి బాగా మొలుస్తాయి. మునిగినవి వెనకబడతాయి, ఆపైన కుళ్ళు వాసన వేస్తాయి, ఎందుకంటే వాటికి గాలి అందలేదు. పొడివి ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ఉడికినవి ఇక ఎప్పటికీ మొలవవు. ఒక పిల్ల ఉడికిన గిన్నె వాసన చూసి "ఇవి చచ్చిపోయాయా?" అని అడిగింది. "అవును" అన్నాను. "పొడివి?" అంది. "అవి నిద్రపోతున్నాయి" అన్నాను. ఆ పిల్ల వెంటనే పొడి గిన్నెలో నీళ్ళు చిలకరించింది.

పొరపాటున కూడా పిల్లల బదులు మీరు గింజ మార్చకండి. పేరు రాసిన కాగితం మీద గుర్తుగా ఒక బొమ్మ గీయించి, వాళ్ళ చేతే అతికించండి. బొమ్మ గీయలేని వయసైతే వేలిముద్ర వేయించండి.

ముసలివాళ్ళను పిలవండి

శుక్రవారం ఊళ్ళో వ్యవసాయం తెలిసిన పెద్దాయనను గానీ విత్తనాలు దాచే అవ్వను గానీ తరగతికి పిలవండి. ఏరువాక రోజులైతే ఎవరూ దొరకరు, ముందే అడిగిపెట్టుకోవాలి. వాళ్ళకు ఉపన్యాసం వద్దని చెప్పండి. చేత్తో చేసేది ఏదైనా చూపిస్తే చాలు: చాటతో చెరగడం, వేపాకు కలిపి గింజలు దాచడం, పాదు తీయడం. మా కేంద్రానికి వచ్చిన అవ్వ ఒకామె చాట ఎగరేసి పొట్టు పోగొట్టి, గింజలు ఒక్కటి కూడా కింద పడకుండా పట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టి, మళ్ళీ చెయ్యమన్నారు. ఆమెకు చదువు రాదు. "నేనూ పాఠం చెప్పానా అమ్మా?" అని వెళ్ళేటప్పుడు నన్ను అడిగింది. చెప్పింది మరి. ఆ రోజు అంత శ్రద్ధగా పిల్లలు నా మాట వినలేదు.

అదే రోజు మొలకలు వేసిన గింజలు మట్టిలో నాటించండి. పగిలిన కుండ, పాల ప్యాకెట్టు, కొబ్బరిచిప్ప ఏదైనా పనికొస్తుంది, అడుగున చిల్లు ఉండాలి. నాటాక పిల్లలు రోజుకు నాలుగుసార్లు తవ్వి చూస్తారు. ఆపకండి. అందుకే ఒక కుండ తవ్వుకోవడానికే విడిగా ఉంచుతాను.

కథకు, పాటకు ఈ వారం ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు. మీ ఊరి పాటల్లో గింజ లేనిది తక్కువ. బొమ్మలు గీయించేటప్పుడు మాత్రం అచ్చు వేసిన బొమ్మలకు రంగులు నింపించకండి. వాళ్ళు చూసిన మొలకను వాళ్ళే గీయాలి. తోక ముందుకు ఉండచ్చు, వెనక్కి ఉండచ్చు.

టీచరుకు ఒక సాధన

ఈ వారం మొత్తంలో మీరు అలవాటు చేసుకోవాల్సినది ఒకటి ఉంది: పిల్ల ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పకుండా ఉండటం. మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి. అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే "నీకేమనిపిస్తుంది?" అనండి. మొదటి రెండు రోజులు ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి జవాబులు చెప్పడమే మన ఉద్యోగం అనుకున్నాం కదా. మూడో రోజుకు పిల్లలు మీ వైపు చూడటం మాని ఒకరి వైపు ఒకరు చూసుకోవడం మొదలుపెడతారు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజుకు అయిదుగురు పిల్లల గురించి రెండేసి వాక్యాలు. "ఫలానా పిల్ల గింజలను రంగును బట్టి వేరు చేసింది, తర్వాత తనే మార్చి పెద్దవీ చిన్నవీ చేసింది." "ఫలానావాడు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, మధ్యాహ్నం తనే ఒకటి ఇచ్చాడు." మార్కులు వద్దు, బాగుంది బాగాలేదు వద్దు, చూసింది చూసినట్టు రాయండి. ముప్పై మంది పిల్లలూ రిజిస్టర్లూ పౌష్టికాహారం లెక్కలూ పెట్టుకుని ఇదెక్కడ రాస్తామంటారు. నిజమే. మీ పని భారం నాకు తెలుసు. అందుకే అయిదుగురే అంటున్నాను. వారం తిరిగేసరికి ముప్పై మందీ ఒకసారి మీ కంట్లో పడతారు. కొందరు పిల్లలు నెలల తరబడి ఎవరి కంట్లోనూ పడకుండా ఉండిపోతారు. ఆ నోటుబుక్కు వాళ్ళ కోసమే.

శనివారం గుగ్గిళ్ళు. శనగలో అలసందలో మెత్తగా ఉడికించి, మూడేళ్ళ వాళ్ళకు చేత్తో మెదిపి పెట్టండి. మొలకలు పచ్చిగా పెట్టకండి, చిన్నపిల్లల కడుపుకు అవి మంచివి కావు, ఉడికించాకే. తల్లిదండ్రులను పిలవండి, కానీ కార్యక్రమం పెట్టకండి. మైకు వద్దు, పిల్లలచేత పద్యాలు ఒప్పజెప్పించడం వద్దు. చాట చుట్టూ కూర్చోనివ్వండి. పిల్లలే చూపిస్తారు. నన్ను నిలదీసిన ఆ తండ్రికి వాళ్ళబ్బాయి శనగ తోలు తీసి లోపలి మొక్కను చూపించాడు. ఆయన పొలంలో ఎన్ని బస్తాల శనగలు పండించి ఉంటాడో గానీ, ముడుచుకున్న ఆ చిన్న మొక్కను ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదన్నాడు.

వచ్చే వారం వేరే అంశం పెట్టుకున్నా కుండలు తీసేయకండి. చిక్కుడు మట్టిలోంచి తల ఎత్తడానికి అయిదారు రోజులు పడుతుంది. మీ క్యాలెండరులో గింజల వారం అయిపోయాకే అది పైకి వస్తుంది. ఆ పొద్దున ఏ పాఠం జరుగుతున్నా ఆపేసి పిల్లలను బయటికి వెళ్ళనివ్వండి.

ఇది చదువుతున్నది శుక్రవారమో శనివారమో అయితే ఇవాళే తల్లులకు చెప్పి పంపండి, వంటింట్లోంచి గుప్పెడు గింజలు తెమ్మని. సోమవారం మధ్యాహ్నం అన్నాల వేళకు పిల్లలందరూ చూస్తుండగా పెసలు నానబోయండి.